వంకర కాళ్ళ గుర్రప్పిల్ల: మార్కో పోలో నుంచి హిందూపురం దాకా

 

ఈసారి మన విషయం ఒక ప్రశ్నతో మొదలైంది. హిందూపురం దగ్గర ఒక పల్లె నుంచి, మన ఎపిసోడ్లు చూసే ఒకాయన చిన్న వీడియో పంపారు. వాళ్ళింట్లో పొట్టి జాతి గుర్రాలు రెండున్నాయి, ఒక మగది, ఒక ఆడది. పెళ్ళిళ్ళకీ, పిల్లల పుట్టినరోజులకీ అద్దెకి తిప్పుతారు. ఆడగుర్రం ఈనింది. పుట్టిన పిల్ల మన మోకాలెత్తు కూడా లేదు. నుదురు బాగా ఉబ్బెత్తుగా ఉంది, ముందుకాళ్ళు వంకరగా ఉన్నాయి, కింది దవడ ముందుకి పొడుచుకొచ్చింది.

ఊళ్ళో ఆయనకి రెండు సలహాలొచ్చాయట. ఒకరేమో, "ఇది అసలైన మినియేచర్ రా, బెంగళూరు ఫార్మ్‌హౌస్ వాళ్ళు ఎంతైనా ఇస్తారు, ఇదే జతకి ఇంకా పిల్లల్ని తీయించు" అన్నారు. ఇంకొకరేమో, "అరిష్టం, గడపలో పెట్టుకోవద్దు" అన్నారు. ఆయన నన్ను అడిగింది ఇదీ: "సార్, మీరు చరిత్ర చెప్తారు కదా. మన సీమలో గుర్రాలు ముందు నుంచీ ఇట్లనే పుడతాండెనా? ఇది మన నేల దోషమా?"

నేను పశువైద్యుణ్ణి కాదు. కానీ ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట, దక్షిణ దేశంలో వంకర కాళ్ళ గుర్రప్పిల్లలే పుడతాయన్న మాట, ఏడు వందల ఏళ్ళ క్రితమే ఒకాయన రాసిపెట్టాడు. ఆయన పేరు మార్కో పోలో.

మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో, 1290ల్లో, మన తీరాల గురించి రాశాడు. మోటుపల్లి రాజ్యం గురించీ, అక్కడ పాలిస్తున్న రాణి గురించీ, అంటే మన రుద్రమదేవి గురించీ, ఆయన రాసింది మనకి తెలిసిందే. అక్కడికి దక్షిణాన మాబర్, అంటే పాండ్యుల తమిళ తీరం. ఆ దేశం గురించి చెబుతూ గుర్రాల మీద చాలాసేపు ఆగుతాడు. హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి, ఇంకా అరబ్బు రేవుల నుంచి ఏటా వేల గుర్రాలు కొంటారట. ఏడాది తిరిగేసరికి వాటిలో కొన్నే మిగులుతాయట. వాటిని చూసుకోవడం ఇక్కడివాళ్ళకి తెలియదంటాడు. అమ్మే వర్తకులేమో గుర్రపు వైద్యుల్ని వెంట పంపరు. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ బేరం!

ఆ తర్వాత మనకి కావలసిన మాట చెబుతాడు. మేలుజాతి మగగుర్రాన్నీ మేలుజాతి ఆడగుర్రాన్నీ జత కట్టించినా, ఈ దేశంలో పుట్టేది చిన్న పిల్లే, కాళ్ళు వంకర, ఎక్కడానికి పనికిరాదు అని.

ఆ వాక్యం చదివి చాలామంది "దక్షిణాది నేల గుర్రాలకి సరిపడదు" అని తీర్పు ఇచ్చేశారు. కానీ అదే పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది. ఇక్కడ గుర్రాలకి ఏం పెడతారో చెప్పాడు: అన్నం, మాంసం కలిపి వండినది. ఆ కాలపు పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ కూడా ఇలాంటిదే రాశాడు. వేయించిన బార్లీ, నేతితో వండిన ధాన్యం పెడతారట, కాచిన ఆవుపాలు తాగిస్తారట. నలభై రోజులు కదలకుండా కట్టేసి, ఆ తర్వాత తర్ఫీదు లేకుండా ఒక్కసారిగా స్వారీ చేస్తారట.

ఇప్పుడు ఆలోచించండి. గుర్రం గడ్డి తినే జంతువు. దాని ఎముక గట్టిపడాలంటే మేతలో కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌కి సమానంగా ఉండాలి, ఇంకాస్త ఎక్కువుంటే మంచిది. బియ్యం తీసుకోండి: వంద గ్రాములకి కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ సుమారు 160. మాంసంలోనూ అంతే, ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం నామమాత్రం. అలాంటి మేత మీద నెలల తరబడి ఉంటే గుర్రం ఒళ్ళు తన ఎముకలోంచే కాల్షియం లాక్కుంటుంది. ఐరోపాలో తవుడు ఎక్కువగా తిన్న పిండిమరల గుర్రాలకి ఈ జబ్బు వచ్చేది. అలాంటి తల్లికి పుట్టి, అదే మేత మీద పెరిగే పిల్లకి కాళ్ళు నిటారుగా ఎలా వస్తాయి?

అదే మన ఉలవలు చూడండి. వంద గ్రాముల్లో కాల్షియం సుమారు 287, ఫాస్ఫరస్ సుమారు 311. దాదాపు సరిసమానం. మన అనంతపురం మెట్టపొలాల్లో వానొచ్చినా రాకపోయినా పండే పంట. గుర్రానికి గుగ్గిళ్ళు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. వాళ్ళకి ఈ లెక్కలు తెలియవు, ఏది తింటే గుర్రం నిలబడుతుందో తెలుసు.

అంటే తెలుగువాళ్ళకి గుర్రం తెలియదనుకోవడానికి లేదు. కాకతీయ గణపతిదేవుడి దగ్గర కాయస్థ నాయకుడు గంగయ ఉండేవాడు. ఆయన పేరు చివరి 'సాహిణి' అన్న మాటకి అర్థం గుర్రాల మీద అధికారి అని. మనుమంచి భట్టు తెలుగులో 'హయలక్షణ విలాసము' అని ఒక గ్రంథమే రాశాడు. మేలు గుర్రాన్ని ఎలా గుర్తించాలి, ఏ సుడి మంచిది, ఏ సుడి చెడ్డది అన్న విద్య మన దగ్గర బాగా పెరిగింది. ఒక చిక్కు కూడా దానితోపాటే వచ్చింది. ఒంటి మీద గుర్తు చూసి భవిష్యత్తు చెప్పే అలవాటున్నచోట, వంకరగా పుట్టిన పిల్ల రోగి కాదు, శకునం అయిపోతుంది. ఇందాకటి ఆయనకి వచ్చిన రెండో సలహా, ఆ "అరిష్టం" అన్న మాట, అక్కడి నుంచి వచ్చిందే అనుకుంటాను.

సరే, విజయనగరం దగ్గరికి వద్దాం. న్యూనిజ్ అనే పోర్చుగీసు ఆయన 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు, స్వయంగా గుర్రాల వర్తకుడు. రాయలు ఏటా 13 వేల గుర్రాలు కొనేవారని రాశాడు. హోర్ముజ్‌వీ, దేశవాళీవీ కలిపి. మంచివి తన లాయంలో ఉంచుకుని మిగతావి నాయకులకి ఇచ్చేవాడట. అంతకుముందు సాళువ నరసింహుడైతే ఇంకా దూరం వెళ్ళాడు. వెయ్యి పర్దావులకి, అంటే వెయ్యి బంగారు నాణేలకి, మూడు గుర్రాల చొప్పున, బతికున్నా చచ్చినా సరే కొనేవాడట. దారిలో సముద్రం మీద చచ్చిపోతే తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, డబ్బిచ్చేవాడట. తోకకి డబ్బు! 'ఆముక్తమాల్యద'లో కృష్ణదేవరాయలు చెప్పిన రాజనీతిలో కూడా, ఏనుగుల్నీ గుర్రాల్నీ తెచ్చే విదేశీ వర్తకుల్ని గౌరవించి, లాభం చూపించి దగ్గర పెట్టుకో, లేకపోతే ఆ గుర్రాలు శత్రువుకి పోతాయి అన్న ఆలోచన ఉంది. హంపి మహానవమి దిబ్బ మీద గుర్రాల్ని నడిపించుకొస్తున్న వర్తకుల బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు.

1547లో పోర్చుగీసులతో ఒప్పందం కుదిరింది, గోవాకి వచ్చే గుర్రాలు విజయనగరానికే అమ్మాలని. ఆ తర్వాత 1565, రాక్షసి తంగడి యుద్ధం. ఇక్కడ మన పెనుకొండ వస్తుంది.

తిరుమలరాయలు పెనుకొండకి మారిన సంగతి బళ్ళో చదువుకున్నాం. ఆ మార్పు జరుగుతున్నప్పుడు విజయనగరంలో ఒక వెనిస్ వర్తకుడున్నాడు, సీజర్ ఫెడరిచి. 1567లో రాజు తన కొలువుతో సహా ఎనిమిది రోజుల ప్రయాణంలో ఉన్న పెనుకొండ కోటకి వెళ్ళిపోయాడని ఆయన రాశాడు. గుర్రాల మాటా రాశాడు. యుద్ధంలో పోయిన గుర్రాల్ని ఎవరు తెచ్చిచ్చినా మంచి ధర ఇస్తానని తిరుమలరాయలు వర్తకులకి కబురు పెట్టాడట. వాళ్ళు ఆశగా తోలుకొచ్చారు. రాజు గుర్రాలన్నీ పుచ్చుకుని, చేతిలో పైసా పెట్టకుండా పంపేశాడట. వాళ్ళు పిచ్చెత్తినట్టు ఏడుస్తూ పోయారని రాశాడు ఫెడరిచి.

దీన్ని రాజు మోసం అని ఊరుకోవచ్చు. నాకైతే ఇంకొకటి కనిపిస్తుంది. చచ్చిన గుర్రం తోకకి కూడా బంగారం ఇచ్చిన రాజ్యం, రెండు తరాలు తిరిగేసరికి బతికున్న గుర్రానికి కూడా ఇవ్వలేని స్థితికి వచ్చింది. ఓడల్లో కొనుక్కొచ్చిన బలం అన్నమాట. ఓడ ఆగితే ఆ బలం ఆగిపోతుంది.

మరి ఆ తర్వాత ఈ నేల మీద గుర్రాలు లేవా అంటే, ఉన్నాయి. ఇక్కడ హిందూపురం వస్తుంది. గుత్తి మురారిరావు ఘోర్పడే తన తండ్రి హిందూరావు పేరు మీద ఈ ఊరు కట్టించాడని చెబుతారు. ఆ మురారిరావు బలం గుర్రపుదళమే. 1751లో ఆర్కాటు కోటలో క్లైవ్ చిక్కుకున్నప్పుడు, మురారిరావు మరాఠా రౌతులతో వస్తున్నాడన్న వార్తే ముట్టడి వేసినవాళ్ళని తొందరపెట్టింది. 1776లో గుత్తి హైదరలీకి పోయేదాకా ఈ ప్రాంతమంతా ఆ డెక్కల చప్పుడు వింది.

మరాఠా రౌతులు ఎక్కువగా ఎక్కింది పెద్ద అరబ్బు గుర్రాలు కాదు. దక్కను తట్టువలు. పొట్టివి, గట్టివి, జొన్నచొప్ప తిని, కొండా గుట్టా ఎక్కి, రోజంతా నడిచేవి. ఆ జాతికి చెందిన భీమ్‌థడి గుర్రాలకి ఇటీవలే మన దేశంలో అధికారికంగా జాతి గుర్తింపు కూడా వచ్చింది. తర్వాత కాలంలో ధర్మవరం జంక్షన్‌లో రైలు దిగితే, హిందూపురం బజారుకెళ్తే, జట్కాలు లాగింది కూడా ఇలాంటి తట్టువలే.

ఇంకో సాక్ష్యం కూడా చెబుతాను. హిందూపురం నుంచి మధుగిరి, తుమకూరు దాటి వెళ్తే కుణిగల్ వస్తుంది. అక్కడ టిప్పు సుల్తాన్ కాలం నుంచి గుర్రాల పెంపకం ఉంది. తర్వాత అది రేసు గుర్రాలకి దేశంలోనే పేరున్న చోటయింది. మన పొరుగు నేల, మనలాంటి ఎండ. అక్కడ పొడుగ్గా, నిటారుగా ఉన్న గుర్రప్పిల్లలు రెండు వందల ఏళ్ళుగా పుడుతూనే ఉన్నాయి. కాబట్టి మార్కో పోలో చూసింది అబద్ధం కాదు, నేల దోషమూ కాదు. అది మేత దోషం, పోషణ దోషం. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు కదా, తప్పు పైవాడిదైనా కుంటేది గుర్రమే.

ఇప్పుడు మన హిందూపురం పిల్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. పొట్టిగా ఉండటం వేరు, మరుగుజ్జుగా పుట్టడం వేరు. పుంగనూరు ఆవు పొట్టిది. కానీ తల, ఒళ్ళు, కాళ్ళు దాని కొలతకి తగ్గట్టే ఉంటాయి. మినియేచర్ గుర్రమూ అంతే, పెద్ద గుర్రాన్ని దూరం నుంచి చూసినట్టుండాలి. అమెరికాలో మినియేచర్ అనిపించుకోవాలంటే జూలు చివర భుజం దగ్గర కొలిస్తే ఎత్తు 34 అంగుళాలు మించకూడదని ఒక సంఘం నియమం. అంతకన్నా పొట్టివి, ఇంకా పొట్టివి కావాలన్న మోజులో దగ్గర రక్తాల్ని కలుపుతూ పోయారు. దానితో దాగి ఉన్న దోషం ఒకటి బయటపడింది.

2018లో అమెరికా కెంటకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని మూలం ప్రచురించారు. అగ్రికాన్ అని, కీళ్ళలో మెత్తటి ఎముకని తయారుచేసే పదార్థం ఉంటుంది. దాని జన్యువులో నాలుగు రకాల మార్పులు కనిపెట్టారు. ఒక్క ప్రతి ఉంటే గుర్రం పైకి మామూలుగానే ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తే మరుగుజ్జు పిల్ల. కొన్ని కలయికల్లో పిల్ల కడుపులోనే పోతుంది. తల్లిదండ్రులిద్దరిలో ఈ మార్పు దాగి ఉంటే, ప్రతి ఈతలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం.

ఇక్కడే మార్కో పోలో పిల్లకీ ఈ పిల్లకీ తేడా తెలుస్తుంది. ఏ జతకి పుట్టినా, పుట్టిన ప్రతి పిల్లా వంకరే అయితే ముందు మేతని అనుమానించాలి. అదే ఇంట్లో, అదే మేత మీద, ఒక పిల్ల చక్కగా పుట్టి ఇంకొకటి ఇలా పుడితే, రక్తాన్ని అనుమానించాలి. నేను ఆయన్ని ఇదే అడిగాను. పోయినేడు ఇదే జతకి ఒక పిల్ల పుట్టిందట, కాళ్ళు నిటారుగా, ఏ లోపమూ లేకుండా. రెండు గుర్రాల్నీ ఒకే వర్తకుడి దగ్గర కొన్నారట. అవి ఒకే తల్లి పిల్లలో కాదో ఆయనకి తెలియదు.

గుర్తులు ఒకసారి చెప్పుకుందాం. మామూలు గుర్రప్పిల్ల పుట్టినప్పుడు చూస్తే అంతా కాళ్ళే ఉంటాయి. కాళ్ళ పొడవు అప్పటికే చాలావరకు వచ్చేసి ఉంటుంది. మరుగుజ్జు పిల్లకి కాళ్ళే పొట్టి, ఒళ్ళు పొడవుగా, తల మరీ పెద్దగా, మెడ కురచగా కనిపిస్తుంది. నుదురు ఉబ్బి, ముక్కు దూలం లోపలికి నొక్కుకుపోయి, ముక్కు రంధ్రాలు పైకి జరిగినట్టుంటాయి. కింది ముందుపళ్ళు పైవాటికన్నా ముందుకొస్తాయి. కడుపు పెద్దది. కాళ్ళు లోపలికో బయటికో వంగి ఉంటాయి. అయితే కంగారు వద్దు. మినియేచర్ పిల్లలకి పుట్టగానే నుదురు కాస్త గుండ్రంగా ఉండటం, మొదటి కొన్ని రోజులు కాళ్ళు వదులుగా ఉండటం మామూలే. ఒక్క గుర్తు చూసి తేల్చకూడదు, అన్నీ కలిపి చూడాలి. ఖాయంగా తెలియాలంటే జూలు వెంట్రుకలు కుదుళ్ళతో సహా తీసి జన్యు పరీక్ష చేయించాలి.

ఇలాంటి పిల్ల పుడితే మొదటి రోజే ముఖ్యం. ముర్రుపాలు మొదటి కొన్ని గంటల్లోనే పడాలి. రోజు గడిస్తే ఆ పాలలోని రక్షణని పేగు ఇక పీల్చుకోలేదు. కాళ్ళు పొట్టి కాబట్టి తల్లి పొదుగు అందకపోవచ్చు. అప్పుడు తల్లి పాలు పిండి సీసాతో పట్టాలి, పిల్ల నిలబడో, రొమ్ము మీద కూర్చునో ఉండగా, తల మరీ ఎత్తకుండా. పక్కకి పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగుతుంటే ముక్కులోంచి పాలు వస్తున్నాయంటే అంగిలి చీలి ఉందేమో, వెంటనే డాక్టరుకి చూపించాలి. బొడ్డుకి డాక్టరు చెప్పిన మందు పూయాలి. తొలి లద్దె పడిందో లేదో చూడాలి.

తర్వాత కాళ్ళు. వంకరని ఇంట్లో వెదురుబద్దలు కట్టి సరిచేయొద్దు, చర్మం ఒరుసుకుపోతుంది, ఎముక ఇంకా చెడుతుంది. ఎక్స్‌రే తీయించి, డాక్టరు చెప్పినట్టు రెండు మూడు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. గిట్ట పైనున్న కీలు వంకరైతే, మొదటి రెండు నెలలు దాటాక సరిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది. లాడాలు కొట్టేవాళ్ళు మన దగ్గర తగ్గిపోయారు, అయినా వెతకాల్సిందే. పళ్ళు కలవవు కాబట్టి గడ్డి కొరకలేదు. పచ్చిగడ్డి సన్నగా తరిగి పెట్టాలి. దవడ చిన్నది, పళ్ళు ఇరుక్కుంటాయి, ఏడాదికి రెండుసార్లైనా నోరు చూపించాలి. ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి మన ఎండాకాలంలో ఊపిరి కష్టం. నీడ, గాలి, నీళ్ళు తప్పనిసరి. బరువు పెరగనివ్వొద్దు. పిల్లల్ని ఎక్కించొద్దు. పెద్ద గుర్రాల మధ్య వదలొద్దు, ఒక్క తన్ను చాలు.

ఇంత చేసినా అన్నీ బతకవు. నొప్పితో లేవలేక పడుకునే ఉంటే, దాన్ని ఇంకా నిలబెట్టాలా వద్దా అన్నది డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవలసిన మాట. కానీ బతికినవీ ఉన్నాయి. అమెరికాలో తంబెలీనా అనే మరుగుజ్జు మినియేచర్ 2001లో పుట్టింది. ఎత్తు 44.5 సెంటీమీటర్లు, ప్రపంచంలో అతి పొట్టి గుర్రంగా గిన్నిస్‌కి ఎక్కింది. 2018 దాకా బతికింది. దాన్ని పెంచినవాళ్ళు దాని నుంచి పిల్లల్ని తీయలేదు. పేరు తెచ్చుకున్నారు గానీ ఆ లోపాన్ని ముందుకి పంపలేదు.

హిందూపురం ఆయనకి నేను చెప్పింది ఇంతే. ఇది నేల దోషం కాదు, అరిష్టం కాదు, నిధీ కాదు. బెంగళూరులో హెబ్బాళ పశువైద్య కళాశాల మీకు వంద కిలోమీటర్లు, పిల్లని అక్కడ చూపించండి. ఆ జతని మళ్ళీ కలపొద్దు. పిల్ల మగదైతే వయసు రాగానే బీజాలు తీయించండి. అమ్మాల్సి వస్తే ఉన్న లోపం దాచకుండా చెప్పి అమ్మండి.

రెండు నెలల తర్వాత మళ్ళీ వీడియో పంపారు. ఒక కాలు కొంత నిటారయింది, రెండోది కాలేదు. పళ్ళు కలవడం లేదు. వాళ్ళ పెద్దమ్మాయి రోజూ బడికి పోయేముందు కొడవలి తీసుకుని దానికి గడ్డి తరిగి పెడుతోందట. బేరానికి వచ్చినవాళ్ళని వెనక్కి పంపేశామని, మగగుర్రాన్ని వేరే కొట్టంలో కట్టేశామని రాశారు. చివర్లో ఒక మాట కలిపారు: "సార్, పోయినేడు పుట్టిన పిల్లను పెనుకొండలో ఒకాయనకు అమ్మినాము. దానిలో కూడా ఈ దోషం దాగి ఉండొచ్చు కదా. ఆయనకు ఫోన్ చేసి చెప్పినాను."

నేను ఆయనకి ఆ సలహా ఇవ్వలేదు. నాకు తట్టలేదు కూడా. ఆయనకే తట్టింది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ తాతలెవరైనా జట్కా తోలి ఉంటే, గుర్రాలకి లాడాలు కొట్టి ఉంటే, వాళ్ళు ఏం మేపేవారో, పిల్ల పుడితే ఏం చేసేవారో రాసి పంపండి. ఆ విద్య పుస్తకాల్లో సగమే ఉంది.